తుమ్ములు తగ్గాలి, బుర్ర మొద్దుబారకూడదు: అలర్జీ మాత్రను ఎంచుకోవడం, వేసుకోవడం, పరీక్షించుకోవడం ఎలా?

బెంగళూరులో వానలు పడి, ఖాళీ సైట్లలో వయ్యారిభామ మోకాలెత్తు పెరిగిందంటే దాని పుప్పొడిని తప్పించుకోవడం కష్టం. దానికి రోడ్డు తవ్వకాల దుమ్ము, చలికాలపు పొద్దుటి గాలి, పీజీ గదుల్లో ఎన్నడూ ఎండ మొహం చూడని పరుపులు తోడవుతాయి. మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మనవాళ్లు చాలామంది చేసే పని ఒకటే. ఆఫీసుకి వెళ్తూ మెడికల్ షాపు ముందు బండి ఆపి, "జలుబుకి ఏదైనా ఇవ్వండి" అని రెండు మాత్రలు కొని, ఒకటి అక్కడే మింగి మళ్లీ బండెక్కేస్తారు.

ఆ మాత్ర తుమ్ముల్ని ఆపుతుంది. దానితోపాటు మెదడులో ఇంకేం ఆపుతుందన్నది అందులోని మందుని బట్టి ఉంటుంది. "నాకేం నిద్ర రాలేదు, నాకు పడింది" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమాకి ఆధారం లేదు. మగత తెలియకుండానే ధ్యాస సడలుతుంది. అందుకే అట్ట వెనక చదివి మందుని ఎంచుకోవాలి, వేసుకున్నాక ధ్యాస ఎలా ఉందో కొలిచి చూసుకోవాలి. రెండూ ఇంట్లోనే చేసుకోవచ్చు.

మెదడులో హిస్టమిన్ చేసే పని

ముక్కులో తుమ్ములు, దురద, నీరు కారడం తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం మెదడులో వేరే కొలువు చేస్తుంది. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చోటు ఉంది. దాని వెనకవైపు ట్యూబరోమామిలరీ న్యూక్లియస్ అనే చిన్న గుంపుగా హిస్టమిన్ తయారుచేసే నాడీకణాలు ఉంటాయి. గుంపు చిన్నదే అయినా దాని తీగలు మెదడంతా పాకి ఉంటాయి. మెలకువగా ఉన్నంతసేపు ఈ కణాలు పనిచేస్తూ ఉంటాయి, నిద్రలో మౌనంగా ఉంటాయి. అవి వదిలే హిస్టమిన్ హెచ్1 రిసెప్టర్ల మీద (కణాల మీద దాని సందేశాన్ని అందుకునే తలుపుల్లాంటి చోట్ల మీద) వాలి మెదడు పైపొరని చురుగ్గా ఉంచుతుంది.

ముక్కులోనూ చర్మంలోనూ అలర్జీ నడిపించేవి కూడా హెచ్1 రిసెప్టర్లే. చిక్కంతా అక్కడే ఉంది. పాత తరం మందులు కొవ్వులో సులువుగా కరుగుతాయి కాబట్టి రక్తం నుంచి మెదడులోకి చొరబడి, అక్కడి హెచ్1ని కూడా మూసేస్తాయి. కొత్త తరం మందుల్ని మాత్రం మెదడు రక్తనాళాల గోడలో ఉండే పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు చాలావరకు బయటికి తోసేస్తుంది. కొత్త మందుల్లో కూడా అన్నీ ఒకే స్థాయిలో బయట ఉండవు.

మిగతా రిసెప్టర్ల గురించి రెండు మాటలు చాలు. ఎసిడిటీకి వాడే ఫామోటిడిన్ హెచ్2 మీద, అంటే పొట్టలో పనిచేస్తుంది. హెచ్3 అనేది హిస్టమిన్ విడుదలకి అడ్డుకట్ట. దాన్ని మూస్తే హిస్టమిన్ పెరిగి మెలకువ పెరుగుతుంది. పిటోలిసాంట్ అనే మందు ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది. పగలు ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ జబ్బుకి దాన్ని యూరప్‌లో 2016లో, అమెరికాలో 2019లో అనుమతించారు. హెచ్1ని మూస్తే మెలకువ తగ్గడం, హెచ్3ని మూస్తే పెరగడం చూస్తే మెలకువలో హిస్టమిన్ పాత్ర ఎంత పెద్దదో తెలుస్తుంది.

అడుగు 1: స్ట్రిప్ తిప్పి వెనక చదవండి

ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండు పేరు మీకు అక్కర్లేదు. వెనక సన్న అక్షరాల్లో "ప్రతి మాత్రలో" అని మొదలయ్యే వరుస కావాలి. రెండు మాత్రలు కత్తిరించి ఇస్తే ఆ వరుస సగానికి తెగిపోతుంది. అలాంటప్పుడు షాపతన్ని పూర్తి స్ట్రిప్ అడిగి, వెనకవైపు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒకే బ్రాండు పేరు వెనక ఒక్కో రకానికి ఒక్కో కలయిక ఉంటుంది కాబట్టి "ఇది నేను ఎప్పుడూ వాడేదే" అనుకోవద్దు.

చదివేటప్పుడు ఈ పేర్లు వెతకండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రొమెథజైన్, హైడ్రాక్సిజైన్, సైప్రోహెప్టడైన్, కీటోటిఫెన్, డాక్సిలమైన్. వీటిలో ఏది కనిపించినా అది మెదడుకి చేరే మందు. ఏవిల్‌లో ఉండేది ఫెనిరమైన్, ఫెనర్గాన్‌లో ప్రొమెథజైన్, అటారాక్స్‌లో హైడ్రాక్సిజైన్. జలుబు మాత్రల్లో పారాసిటమాల్, ఫినైల్ఎఫ్రిన్‌ల పక్కన 2 మి.గ్రా. క్లోర్‌ఫెనిరమైన్ తరచుగా కనిపిస్తుంది. అంత తక్కువ మోతాదు ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కింద చూడండి.

అడుగు 2: మందు మెదడులో ఎంత చోటు ఆక్రమిస్తుందో చూడండి

జపాన్‌లోని సెండైలో ఉన్న తొహోకు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ల తరబడి, మెదడులో మందు ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కానింగ్‌తో దీన్ని కొలిచారు. ఒక్కో మందు మింగాక మెదడులోని హెచ్1 రిసెప్టర్లలో ఎంత శాతం మూతపడ్డాయో లెక్కకట్టారు. 20 శాతం లోపు ఉంటే మగత కలిగించనిది, 20 నుంచి 50 శాతం ఉంటే కొద్దిగా కలిగించేది, 50 దాటితే మగత కలిగించేది అని విభజించారు. మందుని బేరీజు వేయడానికి ఇది నమ్మదగిన కొలమానం.

ఆ లెక్క ప్రకారం 2 మి.గ్రా. డి-క్లోర్‌ఫెనిరమైన్‌తోనే మెదడులో సుమారు సగం రిసెప్టర్లు మూతపడతాయి. మామూలు క్లోర్‌ఫెనిరమైన్ 4 మి.గ్రా. మాత్రలో పనిచేసే భాగం దాదాపు అంతే. జలుబు మాత్రలోని 2 మి.గ్రా.లో అందులో సగం ఉంటుంది. సెటిరిజిన్ 10 మి.గ్రా. వేసుకుంటే 12 నుంచి 13 శాతం, 20 మి.గ్రా. వేసుకుంటే సుమారు 25 శాతం. అంటే తుమ్ములు తగ్గలేదని రెండో సెటిరిజిన్ వేసుకుంటే మొదటి వర్గం నుంచి రెండో వర్గంలోకి జారినట్టే. ఫెక్సోఫెనడైన్ 120 మి.గ్రా., బిలాస్టైన్ 20 మి.గ్రా. ఆక్రమించేది దాదాపు సున్నా.

కాబట్టి బండి నడిపేవాళ్లు, పరీక్షలకి చదివేవాళ్లు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు డాక్టర్ని అడగాల్సిన మొదటి పేర్లు ఫెక్సోఫెనడైన్, బిలాస్టైన్. లోరాటడైన్ 10 మి.గ్రా., డెస్‌లోరాటడైన్ 5 మి.గ్రా. కూడా మామూలు మోతాదులో మంచివే. మోతాదు పెంచితే లోరాటడైన్‌కి కూడా మగత వస్తుంది. సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ మధ్యలో ఉంటాయి. చాలామందికి సరిపోతాయి, కొందరిని మాత్రం బాగా మందకొడిగా చేస్తాయి. మీరు ఏ కోవలోకి వస్తారో అడుగు 5లో తేలుతుంది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పైలట్లకి పెట్టిన నియమం కూడా ఇదే దారిలో ఉంది. దుష్ఫలితాలు లేకపోతే ఫెక్సోఫెనడైన్, లోరాటడైన్‌లకి అనుమతి ఉంది, సెటిరిజిన్‌కి లేదు. డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్న పైలట్ 60 గంటలు విమానం నడపకూడదు. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో బస్సుకీ లారీకీ మధ్య స్కూటర్ నడపడానికి కూడా అదే జాగ్రత్త కావాలి.

అడుగు 3: ఒకే మందు రెండు దారుల్లో లోపలికి వెళ్లకుండా చూడండి

మెడికల్ షాపులో చాలా పొరపాట్లు జరిగేది ఇక్కడే. పొద్దున జలుబు మాత్ర, అందులో క్లోర్‌ఫెనిరమైన్. రాత్రి దగ్గు సిరప్, అందులో డైఫెన్‌హైడ్రమైన్ లేదా మళ్లీ క్లోర్‌ఫెనిరమైన్. మధ్యలో దురదకి ఒక సెటిరిజిన్. మూడూ వేర్వేరు జబ్బులకి వాడినట్టు అనిపిస్తుంది. మెదడులో మూడూ ఒకే తలుపు మూస్తాయి.

మాంటెలుకాస్ట్ 10 మి.గ్రా., లీవోసెటిరిజిన్ 5 మి.గ్రా. కలిపిన మాత్ర ఈ ఊళ్లో చాలామంది ఇళ్లలో ఉంటుంది. ఇది వేసుకుంటూ విడిగా సెటిరిజిన్ వేసుకోవద్దు. లీవోసెటిరిజిన్ అంటే సెటిరిజిన్‌లో పనిచేసే సగమే. హైడ్రాక్సిజైన్ కూడా కాలేయంలో సెటిరిజిన్‌గా మారుతుంది, కాబట్టి దాన్నీ వీటితో కలపకూడదు. మాంటెలుకాస్ట్ గురించి విడిగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కలగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దీనికి అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. మాత్ర మొదలెట్టాక మనసులో మార్పు కనిపిస్తే అలర్జీ మందు కదా అని తోసిపుచ్చకుండా వెంటనే డాక్టరుకి చెప్పండి.

కొన్ని జలుబు మాత్రల్లో కెఫీన్ కూడా ఉంటుంది. మగతని కప్పిపుచ్చడానికి ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లూ ఉన్నారు. కాఫీ మూసేది ఎడినోసిన్ అనే, నిద్రమత్తు తెప్పించే వేరే రసాయనపు రిసెప్టర్లని. మూతపడిన హెచ్1ని అది తెరవలేదు. కళ్లు తెరుచుకుని ఉంటాయి కానీ హెచ్1 మూత వల్ల పోయిన ధ్యాస అంతా తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

మానసిక సమస్యలకి, నిద్రకి, మైగ్రేన్‌కి, తలతిరుగుడికి వాడే మందుల్లో కూడా హెచ్1ని మూసేవి ఉన్నాయి. అమిట్రిప్టిలిన్, డాక్సెపిన్, మిర్టాజపిన్, క్వెటియాపిన్, ఒలాంజపిన్, ఫ్లునారిజైన్, సిన్నారిజైన్ అలాంటివి. వీటిని మీ అంతట మీరు ఆపకండి. కానీ ఇవి వాడుతుంటే మీద ఏ జలుబు మాత్ర వేసుకోవాలో డాక్టర్ని తప్పక అడగండి. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ప్రభావం ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది.

అడుగు 4: సరైన పద్ధతిలో, సరైన వేళకి వేసుకోండి

మంచి మందుని తప్పుగా వేసుకుని "ఇది పనిచేయదు" అని మళ్లీ పాత మాత్రకి పోయేవాళ్లు చాలామంది.

ఫెక్సోఫెనడైన్‌ని నీళ్లతోనే మింగాలి. బత్తాయి, కమలా, యాపిల్, ద్రాక్షపండు రసాలతో మింగితే పేగు గోడలో మందుని లోపలికి తీసుకునే వాహకాలు అడ్డుపడి, ఒంటికి చేరేది బాగా తగ్గిపోతుంది. టిఫిన్ పక్కన జ్యూస్ గ్లాసు పెట్టుకుని మాత్ర వేసుకునే అలవాటుంటే మార్చుకోండి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఎసిడిటీ సిరప్ తాగాల్సి వస్తే దానికీ మాత్రకీ మధ్య రెండు గంటలైనా ఎడం పెట్టండి.

బిలాస్టైన్‌ని ఖాళీ కడుపుతో వేసుకోవాలి. తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. అన్నంతో కలిస్తే ఒంటికి పట్టేది సుమారు మూడో వంతు తగ్గుతుంది. పొద్దున లేవగానే నీళ్లతో వేసుకుని, గంట తర్వాత ఇడ్లీ తినడం తేలికైన పద్ధతి.

సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ రాత్రి పడుకునే ముందు వేసుకోవడం మేలు. ఇవి మూత్రపిండాల ద్వారా బయటికి పోతాయి కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లకి మోతాదు తగ్గించాలి, డాక్టరే నిర్ణయించాలి.

"పాత మందైనా రాత్రే కదా వేసుకునేది, పొద్దుటికి పోతుంది" అనే మాట లెక్కకి నిలబడదు. పెద్దవాళ్లలో క్లోర్‌ఫెనిరమైన్ సగానికి తగ్గడానికి సుమారు 20 గంటలు పడుతుంది. రాత్రి 10కి వేసుకుంటే మర్నాడు పొద్దున 9కి ఆఫీసుకి బయలుదేరేటప్పటికి రక్తంలో ఇంకా మూడింట రెండొంతులు ఉంటుంది. సెటిరిజిన్‌కి సగం కాలం 8 గంటలే కాబట్టి అదే సమయానికి 40 శాతం లోపు మిగులుతుంది. రాత్రి 11కి 50 మి.గ్రా. డైఫెన్‌హైడ్రమైన్ ఇచ్చి మర్నాడు పగలు 11కి స్కాన్ చేస్తే మెదడులో ఇంకా సుమారు 45 శాతం హెచ్1 మూతపడి ఉందని తొహోకు బృందం 2010లో చూపించింది.

నిద్ర కోసమని ఈ మందుల్ని వాడేవాళ్లకి ఇంకో సంగతి. డైఫెన్‌హైడ్రమైన్ 50 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఇచ్చి చూస్తే, నాలుగో రోజుకల్లా నిద్ర రప్పించే గుణం మందేమీ లేని ఉత్తుత్తి మాత్రతో సమానమైపోయింది. నోరెండడం, మలబద్ధకం లాంటి బాధలకి మాత్రం అలాంటి భరోసా లేదు. నిద్రలేమికి డైఫెన్‌హైడ్రమైన్ వాడొద్దనే అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో సూచించింది.

అడుగు 5: మీ ధ్యాసని కొలవండి

ఇది అందరూ వదిలేసే అడుగు. అత్యంత ముఖ్యమైనది కూడా ఇదే.

2000లో అయోవా విశ్వవిద్యాలయంలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద ఒక పరీక్ష చేశారు. అలర్జీ ఉన్న 40 మందికి వేర్వేరు రోజుల్లో డైఫెన్‌హైడ్రమైన్ 50 మి.గ్రా., ఫెక్సోఫెనడైన్ 60 మి.గ్రా., మద్యం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మద్యం రోజున రక్తంలో ఆల్కహాల్ 0.1 శాతానికి చేరేలా చూశారు. మన దేశంలో చట్టం ఒప్పుకునేది 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా., అంటే 0.03 శాతం. దానికి మూడు రెట్ల పైమాట. అయినా అన్నిటికంటే అధ్వానంగా నడిపింది డైఫెన్‌హైడ్రమైన్ తీసుకున్న రోజున. ఫెక్సోఫెనడైన్ తీసుకున్న రోజుకీ ఉత్తుత్తి మాత్ర తీసుకున్న రోజుకీ తేడా కనిపించలేదు. "నాకు మగతగా ఉంది", "లేదు" అని వాళ్లు చెప్పిన దాన్ని బట్టి ఎవరు చెడుగా నడుపుతారో ఊహించడం కుదరలేదు. మీ మీద మీరు వేసుకునే అంచనాని ఎందుకు నమ్మకూడదో ఈ ఒక్క ఫలితం చాలు.

ఇంట్లో చేయగలిగేవి మూడు ఉన్నాయి.

మొదటిది స్కేలు పరీక్ష. 30 సెం.మీ. స్కేలుని ఇంకొకరు పైచివర పట్టుకోవాలి, సున్నా కిందికి ఉండాలి. మీరు బొటనవేలు, చూపుడువేలు 2 సెం.మీ. ఎడంగా సున్నా దగ్గర ఉంచండి, స్కేలుని తాకొద్దు. మోచేయి బల్ల మీద ఆనించండి. వాళ్లు చెప్పకుండా వదలాలి, ఒక్కోసారి రెండు సెకన్లకి, ఒక్కోసారి అయిదుకి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో రాసుకోండి. 10 సెం.మీ. అంటే సుమారు 143 మిల్లీసెకన్లు, 15 అంటే 175, 20 అంటే 202, 25 అంటే 226. 12 సార్లు చేసి మొదటి రెండూ వదిలేసి, మిగతా పదింటిని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడిమి రెండింటి సగటు తీసుకోండి. వదిలేవాళ్ల వేళ్ల కదలికని చూసి ముందే పట్టేస్తే లెక్క చెడిపోతుంది. కళ్లు స్కేలు కిందిచివర మీదే ఉంచండి.

ఈ పరీక్షకి ఒక లోపం ఉంది. ఒక్క క్షణం కోసం మనిషి తనని తాను కూడదీసుకోగలడు. హెచ్1 మూసే మందులు ఎక్కువగా దెబ్బతీసేది విసుగు పుట్టించే పని మీద నిమిషాల తరబడి నిలవాల్సిన ధ్యాసని. అందుకే రెండో పరీక్ష కావాలి.

నిద్ర పరిశోధకులు వాడేది పది నిమిషాల పరీక్ష. తెర మీద 2 నుంచి 10 సెకన్ల మధ్య ఎప్పుడో ఒక గుర్తు వస్తుంది, రాగానే తాకాలి. ఈ పద్ధతిలో పనిచేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. సగటు కంటే ముఖ్యంగా 500 మిల్లీసెకన్లు దాటిన స్పందనలు ఎన్నో లెక్కపెట్టండి. అవే ధ్యాస జారిన క్షణాలు. ఫోన్ తెర దానంతటదే కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది కాబట్టి ప్రతిసారీ అదే ఫోన్ వాడండి, మీ అంకెల్ని పక్కవాళ్లతో పోల్చకండి.

మూడోది కాగితం మీద చేసేది. కంప్యూటర్‌లో 0 నుంచి 9 దాకా అంకెల్ని కలగాపులగంగా, వరుసకి 40 చొప్పున 25 వరుసలు అచ్చు తీయండి. నాలుగు నిమిషాల్లో కనిపించిన ప్రతి 7నీ కొట్టేయాలి. ఎన్ని కొట్టారు, ఎన్ని వదిలేశారు అని రెండూ రాసుకోండి. మందు మాంద్యం ఉన్నవాళ్లు వేగం తగ్గించుకోకుండా వదిలేసేవి పెంచుకోవచ్చు, అందుకే రెండు అంకెలూ కావాలి. ప్రతిసారీ కొత్త కాగితం.

చేసే వేళ కూడా ముఖ్యం. మింగిన రెండు మూడు గంటలకి ఒకసారి చేయండి, చాలా మందులు అప్పటికి రక్తంలో శిఖరం దగ్గర ఉంటాయి. రాత్రి వేసుకునే మందైతే మర్నాడు పొద్దున చేయండి. కాఫీ, టీ ముందు తాగొద్దు. ముందు రాత్రి నిద్ర తక్కువైతే ఆ రోజు లెక్కలోకి తీసుకోవద్దు. మొదటి ప్రయత్నం అలవాటు కోసమే, దాన్ని కొట్టేయండి. మాత్ర లేని రోజులు రెండు, మాత్ర ఉన్న రోజులు రెండు చాలు. మాత్ర ఉన్న రెండు రోజుల్లోనూ జారిన క్షణాలు రెట్టింపైతే, ఆ కాగితం తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టి మందు మార్చమనండి. ఇది మా అనుభవం మీద పెట్టుకున్న గీత, రోగనిర్ధారణ కొలత అనుకోవద్దు.

ముక్కు దిబ్బడతో రాత్రంతా నోటితో గాలి పీల్చి సరిగ్గా నిద్రపోని మనిషి మాత్ర లేకుండానే మందకొడిగా ఉంటాడు. అందుకని మాత్ర లేని రోజుల అంకెలు బాగా లేకపోతే మాత్ర మంచిదని తేల్చేయకండి. రెండు వేర్వేరు మందుల్ని ఒకదాన్నొకటి పోల్చుకోవడం ఇంకా మంచి పద్ధతి. డాక్టరు రోజూ వాడమన్న మందుని పరీక్ష కోసమని ఆపొద్దు.

అడుగు 6: మాత్ర అవసరమే తగ్గించుకోండి

ఏడాదిలో నెలల తరబడి ముక్కు బాధ ఉన్నవాళ్లకి ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటి ముక్కు స్ప్రేలు మాత్రల కంటే బాగా పనిచేస్తాయి, ముఖ్యంగా దిబ్బడకి. అవి హెచ్1 జోలికి పోవు. పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, రెండు రోజులు కొట్టి ఆపేస్తే ఏం లాభం ఉండదు.

కొట్టే తీరులోనే చాలామంది తప్పుతారు. సీసా ఊపండి. కొత్తదైతే సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లోకి కొట్టండి. తల కొంచెం ముందుకి వంచండి. కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి పెట్టి, మొనని అదేవైపు కంటి చివర దిశగా తిప్పండి. నడిమి గోడ మీద పడితే అక్కడ పుండై రక్తం కారుతుంది. మెల్లగా పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. అజెలాస్టైన్ స్ప్రే మాత్రం హెచ్1 మందే, కొందరికి మగత తెప్పిస్తుంది. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు మూడు నుంచి అయిదు రోజులు మించి వాడితే దిబ్బడ తిరగబడి ఇంకా ఎక్కువవుతుంది.

కాచి చల్లార్చిన 240 మి.లీ. నీళ్లలో పావు చెంచా అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి ముక్కు కడుక్కుంటే పుప్పొడి, దుమ్ము పోతాయి. స్ప్రేకి ముందు చేయాలి. కుళాయి నీళ్లు, ట్యాంకర్ నీళ్లు మరిగించకుండా వాడకూడదు.

బండి, ఘాట్ రోడ్డు, నైట్ షిఫ్ట్

కొత్త మందు మొదటి మోతాదు సెలవు ముందు రోజు రాత్రి వేసుకోండి. రాత్రికి కారు తీసుకుని జాతీయ రహదారి 44 మీద అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాద్ వెళ్లాలనుకుంటే, ఆ రోజూ ముందు రోజూ పాత తరం మాత్ర వద్దు. తెల్లవారుజాము 2 నుంచి 5 మధ్య ఒంటి గడియారమే మెలకువని అడుక్కి తోస్తుంది, దానికి మందు తోడైతే రెప్పపాటు నిద్రలు వస్తాయి. కారు అద్దాలు దించడం, పాటలు పెంచడం వాటిని ఆపలేవు. ఇంకొకరికి స్టీరింగ్ ఇవ్వండి.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు వాంతులు రాకుండా వేసుకునే ప్రొమెథజైన్, డైమెన్‌హైడ్రినేట్ మాత్రలు పనిచేసేదే మెదడులోకి వెళ్లి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి ఇవ్వొచ్చు, డ్రైవరుకి కుదరదు. అమెరికా వేళల్లో పనిచేసి పగలు పడుకునేవాళ్లు "రాత్రి మాత్ర" అన్నదాన్ని పొద్దున పడుకునే ముందుకి మార్చుకోవాలి, గోడ గడియారం చూసి వేసుకోకూడదు.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, పిల్లలు

పెద్దవాళ్లకి ఏవిల్, జలుబు మాత్రలు చేతికందినట్టు ఇవ్వకండి. పాత తరం మందులు నాడులు సందేశాలు పంపడానికి వాడే ఎసిటైల్‌కోలిన్‌ని కూడా అడ్డుకుంటాయి. ప్రొస్టేట్ వాపు ఉన్న నాన్నగారికి మూత్రం ఆగిపోవచ్చు. కంటి నీటికాసులు, మలబద్ధకం ముదురుతాయి. రాత్రి లేచి ఎక్కడున్నారో తెలియక తడబడి పడిపోవచ్చు. కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో ఉన్న ముసలివాళ్లు అయోమయంగా మాట్లాడితే "వయసు" అని వదిలేయకుండా, గత రెండు రోజుల్లో ఏ మాత్రలు వేసుకున్నారో చూడండి.

క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్ఎఫ్రిన్ కలిపిన మందుని నాలుగేళ్ల లోపు పిల్లలకి ఇవ్వొద్దని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. కొందరు పిల్లల్లో పాత మందులు మగతకి బదులు చిందులు, ఏడుపు తెప్పిస్తాయి. ప్రయాణంలో పడుకుంటారని సిరప్ పట్టడం ప్రమాదం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ మాత్రైనా డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి

పెదాలు, నాలుక, గొంతు వాచి ఊపిరాడకపోయినా, దద్దుర్లతోపాటు కళ్లు తిరిగి పడిపోతున్నా అలర్జీ మాత్ర వేసి చూద్దామని కూర్చోవద్దు. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయండి. పాత తరం మాత్రలు ఎక్కువ మింగినవాళ్లకి ఒళ్లు వేడెక్కి, కంటిపాపలు పెద్దవై, మాట తడబడి, ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. నిద్రపోతున్నారులే అని వదలకుండా స్ట్రిప్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాత్రలన్నీ డాక్టరు సలహాతో ఆపి రెండు వారాలు దాటినా, రాత్రి ఏడెనిమిది గంటలు పడుకున్నా, పగలు మీటింగుల్లో, సిగ్నళ్ల దగ్గర కళ్లు మూతపడుతుంటే కారణం మందు కాదు. గురక మధ్యలో ఊపిరి ఆగడం, థైరాయిడ్, రక్తహీనత, నార్కోలెప్సీ లాంటివి చూడాలి. నిద్ర పరీక్షలు చేసే విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, అడుగు 5లో రాసుకున్న కాగితాలూ, ఈ ఆరు నెలల్లో వాడిన స్ట్రిప్‌ల ఫొటోలూ చూపించండి.